ఎరిగినవారి సంతకం

లైబ్రేరియన్ ఫారం మొత్తం ఒకసారి కళ్లతో తడిమి, కిందనుంచి రెండో గడి దగ్గర ఆగి, పెన్ను మూతతో అక్కడ రెండుసార్లు తట్టింది. "ఇది నింపలేదమ్మా మీరు." నింపలేదని ఫారం ఇచ్చినామెకి తెలుసు. మిగతా గడులన్నీ గుండ్రటి అక్షరాలతో నింపుకుని, ఆ ఒక్కటీ చూసీచూడనట్టు వదిలేస్తారేమోనన్న ఆశతో వచ్చి, ముందున్న ఇద్దరి పనీ అయ్యేదాకా వరసలో నిలబడింది. "ఈ ఊళ్లో ఉండేవాళ్లు, మిమ్మల్ని స్వయంగా ఎరిగినవాళ్లు ఎవరైనా పర్లేదు," అంది లైబ్రేరియన్, విసుగు లేకుండానే. ముప్ఫై ఏళ్లు దాటని పిల్ల, కళ్లజోడుకి తాడు కట్టి మెళ్లో వేసుకుంది. "ఒక్క సంతకం చాలు. రేపట్నుంచి పుస్తకాల తనిఖీ ఉంది, పదిహేను రోజులు ఎవరికీ పుస్తకాలివ్వం. ఇవాళ ఐదింటికి కౌంటర్ మూసేస్తాను. ఈలోపు తెచ్చుకున్నారంటే కార్డు ఇప్పుడే రాసిచ్చేస్తా." గోడ మీద గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. ఆమె ఫారం తీసుకుని, "అలాగేనమ్మా" అని, అలాగే ఎలాగో తెలియక, మూడు రోజులుగా తను కూర్చుంటున్న మూల కుర్చీలోకే వెళ్లి కూర్చుంది.

ఎడంచేతి గుప్పిట్లో తాళంచెవి చెమటకి తడిసి వెచ్చగా ఉంది. బయల్దేరేముందు గడియ పెట్టి తాళం వేసి, మళ్లీ రెండడుగులు వెనక్కి వచ్చి లాగి చూసి, అప్పుడు కదిలింది. తాళం మంచాన ఉన్న భర్త కోసం కాదు. ఆయన లేచి ఎక్కడికీ పోలేడు. కుడిచెయ్యి, కుడికాలు, నోరు ఎనిమిది నెలల కిందట ఒకే రోజున, ఒకే గంటలో పోయాయి. తాళం బయటివాళ్లు లోపలికి రాకుండా. అయినా ఆ టిక్కుమన్న చప్పుడు ఆయనకి వినబడే ఉంటుంది, మనిషిని లోపల పెట్టి తాళం వేస్తే లోపలున్నవాడికి అది ఇంకోలా వినబడుతుంది. మధ్యాహ్నం మాత్ర వేశాక మూడున్నరకి నిద్రపోతాడు, ఐదున్నరకి లేస్తాడు, రైలు తప్పినా ఆ నిద్ర తప్పదు. ఇవాళ తప్పితే? ఇవాళే ముందు లేచి, మంచినీళ్లకి ఎడంచెయ్యి చాపి, గ్లాసు ఒలికి, పక్క తడిసి, పిలుద్దామంటే నోరు రాక... ఒద్దు, అటు పోవద్దు. ఎనిమిది నిమిషాల నడక. పరిగెడితే అయిదు. సంతకం సంగతి చూడు.

ఎరిగినవాళ్లు. ఈ ఊళ్లో నన్ను ఎరిగినవాళ్లెవరు అని ఆమె వేళ్లు మడవబోయింది. పాలు తెచ్చే మనిషి ఉన్నాడు, సంచి తలుపుకి తగిలించి పోతాడు, అతని వీపు తప్ప మొహం ఆమె ఎన్నడూ సరిగా చూడలేదు, అతను చూసిందీ ఆమె తలుపునే. మందులషాపు అతనికి ఆమె మొహం కన్నా ఆమె చీటీ బాగా తెలుసు, చీటీ ఇవ్వకముందే మూడు డబ్బాలు బల్ల మీద పెట్టేస్తాడు, పేరడిగితే మాత్రం చీటీ మీద ఉన్న ఆయన పేరే చెబుతాడు. వారానికి రెండుసార్లు వచ్చి కాళ్లూ చేతులూ వంచి వెళ్లే వ్యాయామం కుర్రవాడు ఆంటీ ఆంటీ అంటాడు, అతనికి ఈ ఊళ్లో పాతికమంది ఆంటీలున్నారు, పైగా ఈ వారం సెలవు పెట్టి వాళ్ల ఊరెళ్లాడు. ఇక ఇంటివాళ్లు. మేడ మీద ఉంటారు. పొద్దున్నే ఫారం పట్టుకుని పైకి ఎక్కింది. ఇంటాయన గుమ్మంలోనే నిలబడి, కళ్లకి దూరంగా పట్టుకుని చదివి, "ఇల్లు అద్దెకిచ్చాం గానీ, మిమ్మల్ని మేమేం ఎరుగుదుమమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అన్నాడు. లోపలినుంచి ఇంటావిడ, "పోనీ పెట్టరాదూ, పాపం," అంది. "పాపం అని పెట్టేది కాదే సంతకం," అన్నాడాయన. అదీ నిజమే. దిగొచ్చేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకుంది, పద్నాలుగు. పాత ఊళ్లో అయితే ఇలాంటి ఫారం పట్టుకుని వీధి చివరిదాకా నడిస్తే వెనక వైపు కూడా సంతకాలతో నిండిపోయేది. పాత ఊళ్లో ఆమెకి ఫారం అక్కర్లేకనే పోయింది, అక్కడ పుస్తకం అచ్చు కాకముందే చదివేది కదా.

చదివేది అంటే నోటితో చదివేది. ఫారం బల్ల మీద పరిచి చూస్తుంటే పెదాలు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. సభ్యత్వ దరఖాస్తు, కింద గీత. పేరు, చుక్కలు లైను చివరిదాకా. వయసు, కామా, వృత్తి, చుక్కలు. దరఖాస్తుదారును స్వయంగా ఎరిగిన స్తానికుని సంతకం. ఇక్కడ ఆగాలి. థ వత్తు ఉండాల్సిన చోట త వత్తు పడింది. ఎవరు చూశారో ఈ ప్రూఫు, ఎవరూ చూసి ఉండరు. ఇరవై తొమ్మిదేళ్లు ప్రెస్సులో ఆమె పని ఇదే. రాతప్రతి చేతిలో పట్టుకుని ఆమె పైకి చదవాలి, ఎదురుగా కూర్చున్న ప్రూఫు చూసే మనిషి అచ్చుకాగితం మీద వేలు జరుపుకుంటూ పోవాలి. కామా దగ్గర కామా అని, ఫుల్‌స్టాపు దగ్గర ఫుల్‌స్టాపు అని, కొత్త పేరా అయితే పేరా అని చదవాలి. వ్యవసాయం కరపత్రాలు, డాక్టర్ల పరిశోధనలు, ఆరో తరగతి సాంఘికశాస్త్రం, ఎవరూ కొనని కవిత్వం, అన్నీ ఒకే గొంతుతో, ఏడుపొచ్చే చోట ఏడవకుండా, నవ్వొచ్చే చోట నవ్వకుండా. తప్పు కనబడితే ఎదుటి మనిషి నోరెత్తడు, ఎడంచేతి చూపుడువేలు ఎత్తుతాడు. ఎత్తితే ఆగాలి. దించితే సాగాలి. చేరిన మొదటి రోజు ఆ వేలు చూసి బళ్లో పంతులుగారిలా ఉన్నాడే ఈయన అనుకుంది. ఆరునెలలకి ఆ వేలు ఎత్తకముందే ఎత్తబోతున్నాడని తెలిసిపోయేది. రాతప్రతిని ప్రెస్సులో కాపీ అంటారు, అందుకని అందరికీ ఆమె కాపీ అమ్మాయి. ఆ వేలెత్తే ఆయన మాత్రం తనని పెళ్లి చేసుకున్నాక కూడా, పిల్లల్లేరని తేలిపోయాక కూడా, జుట్టు నెరిశాక కూడా, "ఏమోయ్ కాపీ," అనే పిలిచాడు.

ఓసారి పశువుల ఆసుపత్రివాళ్ల కరపత్రం వచ్చింది, పాడి పరిశ్రమ అభివృద్ధికి పది సలహాలు. ఆమె చదువుతోంది, వేలు లేచింది. ఆగింది. ఎంతకీ దిగదు. తలెత్తి చూస్తే ఆయన మొహం కందగడ్డయి, భుజాలు ఊగిపోతున్నాయి, కళ్లలో నీళ్లు. అచ్చుకాగితం ఇటు తిప్పి చూపించాడు. పాడె పరిశ్రమ అభివృద్ధికి పది సలహాలు. పదిచోట్లా పాడే. ఒకటో సలహా, మంచి జాతి పాడెను ఎంచుకొనుము. ఇద్దరూ గదిలో తలుపేసుకుని నవ్వితే, యజమాని వచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదండి, ఒక గుడి తిరగబడింది," అన్నాడాయన. తరవాత ఎన్నేళ్లయినా, వంటింట్లో చెంబు జారినా, కరెంటు పోయినా, "మంచి జాతి పాడెను ఎంచుకొనుము," అని ఒకరు అంటే చాలు. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నవ్వు రాలేదు. నాలుగూ పదిహేడు.

ఆసుపత్రి కోసమే ఈ ఊరొచ్చారు. పాత ఊళ్లో పెద్ద డాక్టరు రాసిచ్చిన కాగితం మీద ఈ ఊరి పేరుంటే, ఆ కాగితం పట్టుకుని, మంచం, రెండు గిన్నెలు, ఒక పెట్టెడు పుస్తకాలు వేసుకుని వచ్చేశారు. ఆరునెలలు చూశాక ఇక్కడి డాక్టరు, ఇంట్లోనే చూసుకోండి, మాట్లాడుతూ ఉండండి, ఆయన మెదడుని ఊరికే ఉండనివ్వకండి అన్నాడు. మాట్లాడటమంటే ఆమెకి ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు కనక? ఆమె చదివేది, ఆయన వేలెత్తేవాడు, అదే మాట్లాడుకోవడం. అందుకని సాయంత్రాలు మంచం పక్కన స్టూలు వేసుకుని పెట్టెలో పుస్తకాలు ఒక్కొక్కటే తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటివారం ఒక దీర్ఘం మింగేసింది. ఎడంచెయ్యి దుప్పటి మీద కదిలి, చూపుడువేలు లేచింది. ఆమె పుస్తకం మూసి, వంటింట్లోకి పోయి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చదివింది. వేలు దిగింది. అంతకన్నా సంతోషం ఆమె ఎరగదు. ఆ రోజునుంచి రోజూ రెండు మూడు తప్పులు కావాలనే చదివేది, ఒకచోట వత్తు, ఒకచోట పొల్లు, పిల్లాడికి చాక్లెట్టు దాచిపెట్టినట్టు. వేలు లేచేది. అన్నీ పట్టేవాడు. లోపల మనిషి ఉన్నాడు, కూర్చునే ఉన్నాడు, బల్ల ముందు, అద్దాలు పెట్టుకుని, కాగితం మీద వేలు జరుపుకుంటూ.

పెట్టెలో పుస్తకాలు ఒక విడత అయిపోయాయి, రెండో విడత అయిపోయాయి. మూడో విడతలో, వారం రోజుల కిందట, నడుం నొప్పిగా ఉండి ఒక లైను మొత్తం దాటేసి చదివింది. కావాలని కాదు. దాటాక తెలిసింది. ఆగి చూసింది. వేలు లేవలేదు. అలిసిపోయాడనుకుంది. మర్నాడు కథలో నాయకుడి పేరు మార్చి చదివింది. లేవలేదు. నాలుగో రోజు ఆ పుస్తకంలో డాక్టరు వచ్చే చోట, గేదె స్టెతస్కోపు మెళ్లో వేసుకుని లోపలికొచ్చింది, ఫుల్‌స్టాపు, గేదె నాడి పట్టుకుని చూసి పెదవి విరిచింది, ఫుల్‌స్టాపు, అని చదివింది. తనకే నవ్వొచ్చింది, ఫక్కున నవ్వింది. ఆ ఒంటరి నవ్వు గదిలో ఒక చుట్టు తిరిగి ఆమె దగ్గరికే వచ్చి పడింది. ఆయన ఫ్యాన్ వంక చూస్తున్నాడు. వేలు దుప్పటి మీద మిగతా నాలుగు వేళ్లతో కలిసి పడుకుని ఉంది. ఆ రాత్రల్లా ఆమె ఒక లాయరులా ఆయన తరఫున వాదించుకుంది. మూడోసారి చదువుతున్నావు, కంఠతా వచ్చేసిన పుస్తకం, ఎవరు వింటారు? విసుగొచ్చి వినడం మానేశాడు, అంతే. కొత్త పుస్తకమైతే వింటాడు. ఎప్పుడూ చూడని పుస్తకం, ముందేం జరుగుతుందో తెలియని పుస్తకం. మందులషాపుకి వెళ్లేదారిలో లైబ్రరీ బోర్డు చూసి ఉంది. మర్నాటినుంచే రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు గుమ్మందాకా. రెండోరోజు లోపల కుర్చీదాకా. ఫారం అడగడానికి ఇంకో రోజు పట్టింది.

నాలుగూ ఇరవై ఎనిమిది. ఎదురుబల్ల దగ్గర పరీక్షల పుస్తకాలు ముందేసుకున్న అమ్మాయిని గొంతు తగ్గించి అడిగింది. "నేనూ కొత్తేనండి, హాస్టల్లో ఉంటాను, నా కార్డుకి మా వార్డెన్ పెట్టింది," అంది ఆ అమ్మాయి, నిజంగా నొచ్చుకుంటూ. కిటికీ పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన ఉన్నాడు. మూడు రోజులుగా చూస్తోంది, రోజూ అదే కుర్చీ, తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. లేచి ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది. యాభై నాలుగేళ్లొచ్చి ముక్కూమొహం తెలియని మగమనిషిని, నన్ను ఎరుగుదునని రాయండి అని అడగడం. అడిగింది. ఆయన పేపరు మడవకుండానే విన్నాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. ముప్ఫై రెండేళ్లు తూనికల ఆఫీసులో చేశాను. తూకం రాళ్లకి ముద్ర వేసే ఉద్యోగం. తూచకుండా ఒక్క రాయికీ ముద్ర వేయలేదు. ఇప్పుడు మీరెవరో తెలియకుండా ఎరుగుదునని ఎలా రాయను?"

"నిజమేనండి," అంది. అనేసి వెనక్కి వచ్చి కూర్చుంది. కూర్చున్నాక ఒక సంగతి గమనించింది. కాదన్నప్పుడు, లోపల ఎక్కడో, అడుగున, హమ్మయ్య అనిపించింది. అవమానం తరవాత వచ్చింది, హమ్మయ్య ముందొచ్చింది. సంతకం దొరకలేదు, కార్డు రాదు, పుస్తకం లేదు. పదిహేను రోజులు లైబ్రరీ వాళ్ల తప్పు, ఊరి తప్పు, మేడమీది ఆయన తప్పు. పదిహేను రోజులు, కొత్త పుస్తకమైతే వినేవాడు అని అనుకుంటూ బతకొచ్చు. పుస్తకం దొరికిందా, ఈ సాయంత్రమే స్టూలు వేసుకుని కూర్చోవాలి, మొదటి పేజీలోనే ఎక్కడో ఒక తప్పు చదవాలి, చదివి ఆ చేతివంక చూడాలి. తను సంతకం కోసం ఎవర్నీ గట్టిగా అడగలేదని, మెట్లెక్కినప్పుడు కూడా కాదంటే బాగుండునని ఎక్కిందని, ఆ గడి ఖాళీగా ఉండడమే తనకి కావాల్సిందని తెలిసేసరికి, తనంటే తనకే ఏదోలా అనిపించింది. ఇక పొద్దున సంగతి. పొద్దున సంగతి ఇప్పుడొద్దు. ఆమె మళ్లీ ఫారం మీద పడింది. సభ్యత్వ దరఖాస్తు, కింద గీత. పేరు, చుక్కలు. వృత్తి అన్న చోట గృహిణి అని రాసింది. రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు. ప్రెస్సు మూతపడ్డాక కాపీ చదివే ఉద్యోగం లోకంలోనే లేకుండా పోయింది, లేని ఉద్యోగం పేరు గడిలో రాస్తే వాళ్లకేం అర్థమవుతుంది? చదివేదాన్ని. విని వేలెత్తే మనిషి లేకపోతే అది ఉద్యోగమూ కాదు, చదవడమూ కాదు, గొణుక్కోవడం.

కుర్చీ జరిగిన చప్పుడైంది. తూనికలాయన పేపరు నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఆ ఫారం పదిసార్లు చదివారు, పెదాలు కదుపుతూ. దాంట్లో అంత చదవడానికేముందమ్మా?"

"అచ్చుతప్పు ఉందండి."

"ఎక్కడ?"

ఆమె వేలుపెట్టి చూపించింది. ఆయన కళ్లజోడు పైకి జరిపి, కిందికి జరిపి చూశాడు. "స్థానికుని. అవును సుమా. పదేళ్ల కిందట నేనూ ఇదే ఫారం నింపాను, నా కంట పడలేదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏం చేసేవారు మీరు?"

చెప్పింది. నాలుగు ముక్కల్లో చెబుదామనుకుంది, ఎనిమిదయ్యాయి. రాతప్రతి, అచ్చుకాగితం, కామా, ఫుల్‌స్టాపు. ఎదురుగా కూర్చునేవారు మా ఆయనేనండి, ఇప్పుడు మంచం మీద ఉన్నారు, ఎనిమిది నెలలైంది. వేలు సంగతి చెప్పలేదు. అది ఎవరికీ చెప్పేది కాదు. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు, తూకం ముల్లు నిలబడేదాకా ఆగడం అలవాటైన మనిషి. చివరికి జేబులోంచి రెండో పెన్ను తీశాడు. "ఇటివ్వండి," అన్నాడు. సంతకం చేసి, అదే గడిలో దాని పక్కన, ఎన్నాళ్లుగా ఎరుగుదురు అన్న చోట, ఒక్క క్షణం ఆగి, ఈ రోజునుంచి అని రాశాడు. తనే కౌంటర్ దాకా తీసుకెళ్లి ఇచ్చాడు.

"ఇదేంటండీ?" అంది లైబ్రేరియన్.

"ఉన్నమాట. గడి ఖాళీగా ఉండకూడదన్నారు. ఎన్నాళ్లయి ఉండాలో మీ ఫారంలో ఎక్కడా లేదు."

లైబ్రేరియన్ ఫారం తిప్పి వెనక చూసింది, మళ్లీ ముందు చూసింది, నవ్వాపుకుంటూ ముద్ర వేసింది. ఆమె కూడా నవ్వింది, నవ్వాలి కాబట్టి. నాలుగూ నలభై ఒకటి. చేతిలో అట్టముక్క, దానిమీద తన పేరు. కార్డు మీద ఆమె పేరు ఒక్కటే ఉంది, భర్త పేరు పక్కన లేకుండా తన పేరు ఎక్కడైనా చూసుకుని ఎన్నేళ్లయిందో. దణ్ణం పెడదామని తిరిగేసరికి తూనికలాయన అప్పటికే కిటికీ దగ్గర పేపరు విప్పుకుని కూర్చున్నాడు.

లోపలి గదిలో బీరువాల మధ్య దారి సన్నగా, చల్లగా ఉంది. కాగితం వాసన, జిగురు వాసన. ఈ వాసనలో ఇన్నేళ్లు బతికి, ఎనిమిది నెలలుగా డెట్టాల్ వాసనలో ఉండి, ఒక్కసారిగా మీద పడేసరికి ఆమె బీరువా పట్టుకుని నిలబడింది. వేళ్లతో పుస్తకాల వీపులు తడుముకుంటూ నడిచింది. లావుది వద్దు, ఆయనకి... సన్నదీ వద్దు. మధ్యరకం నవల ఒకటి తీసింది. రాసినవాళ్ల పేరు ఎన్నడూ వినలేదు, ఆయనా వినుండడు. నడిమధ్యన తెరిచి అలవాటు చొప్పున, గొంతు దాటీ దాటనంతగా చదివింది. ఆ రోజు వాన కురవలేదు, కామా, అయినా గొడుగు తీసుకుంది, ఫుల్‌స్టాపు. పేజీ చివరిదాకా చదివింది. ఎవరూ ఆపలేదు. ఎక్కడా ఆగలేదు. బీరువాలు రెండువైపులా నిలబడి ఉన్నాయి. అప్పుడిక పొద్దున సంగతి ఆగలేదు, ఇంతసేపూ తలుపు అవతల నిలబడ్డది తోసుకుని లోపలికొచ్చేసింది.

పొద్దున మామూలుగానే తడిగుడ్డ పట్టుకుని మొహం తుడవడానికి వంగింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమెవైపు చూశాడు. పైనుంచి కిందికి, మర్యాదగా, ఏ తప్పూ వెతకకుండా చూశాడు. తరవాత ఎడంచెయ్యి కష్టపడి పైకెత్తాడు. ఎత్తుతుంటే ఆమె, వేలెత్తుతున్నాడనుకుంది. వేలు కాదు. వేళ్లన్నీ కలిపి, అరచెయ్యి నిలువుగా చేసి, ఛాతీ దగ్గరికి తెచ్చి, తల కొద్దిగా వంచాడు. ఒంటిచేత్తో దండం. ప్రెస్సుకి కొత్తగా ఎవరైనా రచయిత రాతప్రతి పట్టుకుని వస్తే, లేచి నిలబడి, కూర్చోండి అని కుర్చీ చూపించేముందు అలాగే పెట్టేవాడు. కొత్తవాళ్లకి పెట్టేవాడు. తెలిసినవాళ్లకి ఎన్నడూ పెట్టలేదు. ఆమె తడిగుడ్డ పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. తిరిగి దండం పెట్టాలో, మొహం తుడవాలో తెలియలేదు. గుడ్డలోంచి నీటిచుక్క ఆయన మెడ మీద పడితే ఉలిక్కిపడి, కొత్తమనిషి ముందు ఉలిక్కిపడ్డందుకు సిగ్గుపడ్డట్టు కళ్లు దించుకున్నాడు. ఆమె మొహం తుడిచింది. మెడ తుడిచింది. చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఆ తరవాత ఫారం పట్టుకుని మేడమెట్లెక్కింది.

కాబట్టి కొత్త పుస్తకమైనా ఒకటే, పాత పుస్తకమైనా ఒకటే. గేదె వచ్చినా ఒకటే, డాక్టరు వచ్చినా ఒకటే. లోపల బల్ల ముందు కుర్చీ ఖాళీ. ఎప్పుడు లేచి వెళ్లాడో, ఏ పేజీ దగ్గర లేచాడో, తను తలెత్తకుండా చదువుకుంటూ పోయింది. బహుశా నడుం నొప్పి రోజున కాదు, అంతకు ముందే. చివరిసారి ఏ తప్పుకి వేలెత్తాడో గుర్తు తెచ్చుకుందామని చూసింది. గుర్తు రాలేదు. ఏ అక్షరమో కూడా గుర్తు రాలేదు. అదే ఆఖరుసారని తెలిస్తే రాసిపెట్టుకునేది. దాహం వేస్తున్నట్టుగా ఉంది, ఏడుపు కాదు. పుస్తకం బీరువాలో పెట్టేయబోయింది. సందు మూసుకుపోయి, రెండువైపులా పుస్తకాలు ఒరిగి, తిరిగి లోపలికి పోలేదు. అటు తోసి ఇటు తోసి, చాతకాక, చేతిలోనే ఉంచుకుంది.

కౌంటర్ దగ్గర లైబ్రేరియన్ వెనక అట్ట తెరిచి తేదీ ముద్ర తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ ఆగి, గొంతు తగ్గించింది. "ఇందాక ఆయనతో మీరంటుంటే వినబడింది. మంచాన పడ్డవాళ్ల కోసం తీసుకెళ్తే మాకు వేరే లెక్కుందమ్మా. పదిహేను రోజులు కాదు, నెల గడువు ఇస్తాం. ఇంటినుంచి ఫోన్ చేస్తే ఇంకో నెల పొడిగిస్తాం కూడా. మీ ఆయన కోసమే కదా? అలా రాసేయనా?"

అవునమ్మా అనడానికి నోరు తెరిచింది. అవును అన్నమాట నాలుక మీదే ఉంది, ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. లైబ్రేరియన్ పెన్ను పట్టుకుని చూస్తోంది. మంచిపిల్ల.

"కాదమ్మా," అంది. "నాకే."

"ఆయన చదవరా?"

"చదివేవారు."

లైబ్రేరియన్ పదిహేను రోజుల తేదీ వేసి, పుస్తకం రెండు చేతులతో అందించింది.

ఆమె పరిగెత్తలేదు. ఎనిమిది నిమిషాల దారి ఎనిమిది నిమిషాలూ నడిచింది. ఎవరో సైకిలు మీంచి తప్పుకోమని గంట కొడితే తప్పుకుంది. తాళం తీసి లోపలికెళ్లేసరికి ఆయన నిద్రపోతూనే ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని, గ్లాసు పెట్టిన చోటే ఉంది. ఐదున్నరకి లేచాడు. నీళ్లు తాగించింది, పక్కకి ఒత్తిగిలించి వీపు కింద దిండు సర్దింది. ఆయన దేనికీ అడ్డు చెప్పలేదు, కొత్త ఊళ్లో దిగిన అతిథి ఎవరికీ శ్రమ ఇవ్వకూడదన్నట్టు. స్టూలు మంచం పక్కకి లాగబోయి, లాగకుండా, కిటికీ దగ్గర ఉన్నచోటే దాని మీద కూర్చుని పుస్తకం తెరిచింది. మొదటి వాక్యం దగ్గర గొంతు సిద్ధమైంది. దాన్ని సిద్ధమైనచోటే ఉండనిచ్చి, పెదాలు బిగించి, కళ్లతో చదివింది. రెండో వాక్యమూ అలాగే. పెద్దయ్యాక ఆమె ఏ పుస్తకాన్నీ అలా చదవలేదు. నోరు కదపకుండా చదివితే పేజీ ఎంత తొందరగా అయిపోతుందో ఇన్నేళ్లూ ఆమెకి తెలియదు. మంచం మీదినుంచి ఏ చప్పుడూ లేదు. తలెత్తి చూడలేదు. లైటు వేయాల్సినంత మసకపడేసరికి ముప్ఫై పేజీలయిపోయాయి.